వాహన సందేహాలు: లిమిటెడ్ స్లిప్ ఉన్న కారు జారదా?

ప్రశ్న: అమెరికాలోని న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ ముందు చక్రాలకు శక్తి అందే చిన్న కారునే నడిపాను. ఈమధ్య వెనక చక్రాలకు శక్తి అందే, మాన్యువల్ గేర్లున్న టయోటా జీఆర్86ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది కాబట్టి వానలోనూ మంచులోనూ బెంగ అక్కర్లేదని అమ్మినాయన చెప్పారు. కానీ మొన్న వానలో, హైవే మీదికి ఎక్కే వంపులో కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కగానే కారు వెనక భాగం పక్కకు జరిగింది. కారులో లోపం ఉందంటారా?
- ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి కారులో లోపం ఉందనిపించడం లేదు. అమ్మినాయన మాటలోనే ఉంది.

వంపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం నడవాలి. ఆ తేడాను సర్దడానికే డిఫరెన్షియల్ ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్క్‌నే (తిప్పే బలాన్నే) పంపుతుంది కాబట్టి, ఒక చక్రం బురదలోనో మంచులోనో ఊరికే తిరుగుతుంటే రెండోదానికీ అంతకు మించి అందదు, బండి కదలదు. మీ కారులో ఉన్న టోర్సెన్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో గేర్ల మధ్య పుట్టే రాపిడి వల్ల, పట్టు ఉన్న చక్రానికి రెండోదాని కన్నా ఎక్కువ టార్క్ వెళ్తుంది. బయలుదేరడానికీ, వంపు దాటి వేగం అందుకోవడానికీ ఇది నిజంగా మేలైన ఏర్పాటు.

అయితే వంపులో కారు బరువు బయటి వైపుకు మళ్లడంతో లోపలి వెనక చక్రం తేలికవుతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో ఆ సమయంలో ఎక్కువ తొక్కితే సాధారణంగా లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది. వేగం పెరగదు గానీ, బయటి చక్రం రోడ్డును పట్టుకునే ఉంటుంది కాబట్టి వెనక భాగం నిలకడగా ఉంటుంది. మీ కారులో ఆ శక్తి బయటి చక్రానికీ చేరుతుంది, హద్దు దాటితే రెండూ ఇంచుమించు ఒకేసారి పట్టు వదిలేస్తాయి. టైరు పట్టు నెల జీతం లాంటిది: కారును ముందుకు నెట్టడానికి ఎంత ఖర్చు పెడితే, పక్కకు జారకుండా ఆపడానికి అంత తక్కువ మిగులుతుంది. లిమిటెడ్ స్లిప్ ఆ మొత్తాన్ని పెంచదు, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరాన్ని తగ్గించదు. సన్నటి మంచు పేరుకున్న, ఒక పక్కకు వాలుగా ఉన్న రోడ్డు మీద రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగితే, తిన్నగా పోతున్న కారు కూడా ఆ వాలు వైపుకే జారుతుంది.

అందువల్ల బ్రేకు వేయడం, గేరు తగ్గించడం వంపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే ముగించండి. వంపులో యాక్సిలరేటర్‌ను తేలికగా, ఒకే తీరున పట్టి ఉంచి, స్టీరింగ్‌ను తిన్నగా చేసుకుంటున్న కొద్దీ మెల్లగా పెంచండి. వేగం ఎక్కువైందని వంపు మధ్యలో ఒక్కసారిగా కాలు తీసేస్తే బరువు ముందుకు పడి వెనక చక్రాలు తేలికవుతాయి, అప్పుడూ వెనక భాగం జరగవచ్చు. ముందు చక్రాల కారుకు అలవాటుపడిన వారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. తడి రోడ్డు మీద గేరు తగ్గించి క్లచ్‌ను హఠాత్తుగా వదిలినా వెనక చక్రాలను ఒక్క క్షణం బ్రేకు పట్టినట్టే అవుతుంది.

జారడం మొదలైతే మీరు వెళ్లదలచిన వైపే చూస్తూ స్టీరింగ్‌ను అటే తిప్పండి, కుడి కాలును తొందరపడకుండా సడలించండి. చక్రాలు ఇంకా తిరిగిపోతుంటే క్లచ్ తొక్కడం వల్ల ఇంజిన్ శక్తి ఆగిపోతుంది. పట్టు తిరిగి రాగానే స్టీరింగ్‌ను కూడా వెంటనే తిన్నగా చేయకపోతే కారు రెండో వైపుకు మరింత జోరుగా ఊగుతుంది. ఇదంతా రాసినంత సులువు కాదు గనుక, అక్కడ ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) సంస్థ విశాలమైన పార్కింగ్ స్థలాల్లో నిర్వహించే ఆటోక్రాస్‌లో, అంటే కోన్ల మధ్య కారు నడిపే పోటీల్లో, నేర్చుకోవడం మంచిది. వీధుల్లో సాధన చేయవద్దు. కారు జారుతుంటే అవసరమైన చక్రానికి దానంతట అదే బ్రేకు వేసి సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్‌ను మాత్రం ఆపకండి. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ దాన్ని ఊరికే తప్పనిసరి చేయలేదు. ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయడం మనిషి కాలికి సాధ్యమయ్యే పని కాదు.

టైర్లను కూడా చూసుకోండి. జీఆర్86లో కొన్ని రకాలు వేసవి టైర్లతో వస్తాయి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే ఆ రబ్బరు గట్టిపడి, రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గిపోతుంది. చలికాలానికి వింటర్ టైర్లు నాలుగూ వేయించండి. శక్తి వెనక చక్రాలకే కదా అని రెండే వేయిస్తే బ్రేకు, స్టీరింగ్ భారం మోసే ముందు చక్రాలు మోసం చేస్తాయి. మంచులో బయలుదేరేటప్పుడు రెండో గేరు వాడండి. వంతెనల కింద కూడా గాలి ఆడుతుంది కాబట్టి మిగతా రోడ్డు కన్నా ముందు వంతెనల మీదే మంచు గడ్డకడుతుంది.

ప్రశ్న: మా బొలెరో నియోలో వెనక డిఫరెన్షియల్ దానంతట అదే లాక్ అవుతుందంటున్నారు. పాడేరు ఘాట్ రోడ్డులో వాన పడుతుంటే అది ఆదుకుంటుందా?
- ఒక పాఠకురాలు, చింతపల్లి

జవాబు: ఆదుకోదండీ. అది లిమిటెడ్ స్లిప్ కాదు, మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఒక వెనక చక్రం రెండోదాని కన్నా బాగా వేగంగా తిరుగుతుంటే రెండింటినీ పూర్తిగా కలిపేస్తుంది. తక్కువ వేగంలోనే పనిచేసేలా చేసిన ఏర్పాటు అది. మట్టి దారిలో దిగబడినప్పుడు బయటపడటానికి తప్ప, వంపుల్లో పట్టుకు దాన్ని నమ్ముకోకూడదు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరు కావాలో వాలు మొదలవక ముందే వేసుకోండి. వెనక ఎవరూ లేకుండా ఖాళీగా వెళ్తుంటే వెనక చక్రాల మీద బరువు తక్కువగా ఉంటుంది కాబట్టి, తడి రోడ్డు మీద మరింత నెమ్మదిగా వెళ్లండి.

ప్రశ్న: పాత ఫోర్డ్ మస్టాంగ్ జీటీ వాడుతున్నాను. పార్కింగ్‌లో బాగా మలుపు తిప్పితే వెనక నుంచి టకటకమని చప్పుడు, వణుకు వస్తున్నాయి. వెనక టైరు పంక్చరైతే చిన్న స్టెప్నీ వేయవచ్చా?
- ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ కారులో ఉన్నది క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. గేర్ ఆయిల్ పాతబడినా, దానిలో కలపవలసిన ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సర్దే ద్రవం) కలపకపోయినా ప్లేట్లు పట్టి వదులుతూ ఇలా చప్పుడు చేస్తాయి. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్‌ను మాడిఫయర్‌తో సహా మార్పించండి. అప్పటికీ తగ్గకపోతే ప్లేట్లు అరిగాయేమో చూపించాలి.

చిన్న స్టెప్నీని వెనక వేస్తే రెండు చక్రాల కొలతల తేడా వల్ల తిన్నని రోడ్డు మీద కూడా ప్లేట్లు ఆగకుండా రాసుకుంటూనే ఉంటాయి. ముందు టైరును వెనకకు మార్చి, స్టెప్నీని ముందు బిగించండి. వెనక టైర్లను ఎప్పుడూ జతగా మార్చండి. ఇంకొక్క మాట: ఒక వెనక చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపి, ఇంజిన్ ఆన్ చేసి గేరు వేయకండి. నేల మీదున్న రెండో చక్రానికి శక్తి అంది, కారు జాకీ మీద నుంచి దూకుతుంది.