ప్రాథమిక తరగతుల్లో సాంకేతికతను, క్షేత్ర పర్యటనను ఎలా జోడించాలి?

గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు పక్షుల కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ముందురోజు తరగతిలో ఉపగ్రహ పటంపై బడి నుంచి అక్కడి చెరువు దాకా దారిని వెతికించి, గూడబాతు (పెలికాన్) ముక్కు కింద వేలాడే సంచిని వీడియో ఆపి చూపిస్తే, అక్కడ ఏం గమనించాలో పిల్లలకు తెలిసే ఉంటుంది. చెరువు గట్టున మాత్రం, నా అభిప్రాయంలో, ఫోను ఉపాధ్యాయుల చేతిలోనే ఉండాలి. ఒక్కో జట్టు నీటి మధ్య సర్కారు తుమ్మపై ఉన్న ఒక్కో గూటిని ఎంచుకొని, తల్లి లేదా తండ్రి పక్షి ఎన్నిసార్లు వచ్చిందో, పిల్ల దాని సంచిలోకి తల దూర్చి చేపను ఎలా అందుకుందో పది నిమిషాలు ఓపికగా చూసి, బొమ్మతో సహా నోటుపుస్తకంలో నమోదు చేయాలి. గూళ్లుండే చలికాలంలో వెళ్లకపోతే ఇదంతా కుదరదు. తిరిగి వచ్చాక ఉపాధ్యాయులు తీసిన ఫొటోలను తెరపై పెద్దవి చేసి, పిల్లల బొమ్మలతో పోల్చి, జట్ల లెక్కలతో కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) గీయించవచ్చు.