సిర్ఫిడ్ ఈగలు: జాతికి చారలు చూడండి, రంగు కాదు

జనవరిలో మిద్దెతోటలో కొత్తిమీర పూల మీద తిరిగిన ఈగలకు నల్లచారలు మందంగా ఉన్నాయి, మార్చి చివరికి అలాంటివే దాదాపు నారింజ రంగులో కనిపిస్తున్నాయి, ఇవి రెండు జాతులా అని అడిగారు. కాదు. ఒక్కో పొట్ట ఖండం మీద రెండేసి నల్లచారలున్నాయని మీరే రాశారు కాబట్టి రెండూ ఎపిసిర్ఫస్ బాల్టియాటస్‌లే, అంటే పూల మీద తిరుగుతూ గాలిలో ఒకేచోట నిలబడగలిగే సిర్ఫిడ్ ఈగల్లో ఒకే జాతి.

ఈ ఈగ పొడవు 9 నుంచి 12 మిల్లీమీటర్లు. పైనుంచి చూస్తే పొట్ట మూడో, నాలుగో ఖండాల మీద వెనక అంచున ఒక వెడల్పాటి నల్లచార, దానికి ముందు సన్నగా ఇంకో చార ఉంటాయి. జాతిని పట్టిచ్చేది ఆ సన్నచారే. చలికాలపు ఈగల్లో అది బాగా లావెక్కుతుంది, మధ్యలోని పసుపు కూడా గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండాకాలంలో అదే చార వెలిసినట్టు పలచబడుతుంది. ఎంత పలచబడినా ఉండే చోటు మాత్రం మారదు.

రంగు ప్యూపా దశలోనే, అంటే పురుగు ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశలోనే ఖాయమైపోతుంది. ఆ రోజుల్లో చలిగా ఉంటే నల్లరంగు ఎక్కువ చేరుతుంది, వేడిగా ఉంటే తక్కువ. నల్లటి ఒళ్లు ఎండకు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి చలి ఉదయాల్లో ఎగరడానికి అది అక్కరకొస్తుంది. ఒకసారి రెక్కలొచ్చాక ఎండ ముదిరినా ఆ ఈగ రంగు మారదు. కాబట్టి దాని నలుపు చెప్పేది ఇవాళ్టి వాతావరణం గురించి కాదు, అది ప్యూపాగా ఉన్న రోజుల గురించి. ఫిబ్రవరిలో ఒకే పూల గుత్తి మీద ముదురువీ లేతవీ కలిసి కనిపించేది ఇందుకే. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లకు నెలలు వేరు: అక్కడ నల్లవి వసంతం మొదట్లో, శరదృతువులో, లేతవి నడివేసవిలో కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: అప్పుడే బయటికొచ్చిన ఈగ ఏ కాలంలోనైనా పాలిపోయి ఉంటుంది, కొన్ని గంటలకు గానీ రంగు తేలదు.

మన తోటల్లో దీనితో ఎక్కువగా పొరబడేది ఇస్కియోడాన్ స్క్యుటెల్లారిస్ అనే ఇంకో సిర్ఫిడ్‌తో. దానికి ఆ సన్నని రెండో చార ఉండదు. రెండో ఖండం మీది పసుపు రెండు మచ్చలుగా విడిపోయి ఉంటుంది, ఛాతీ పక్కల స్పష్టమైన పసుపు గీత ఉంటుంది. బీర, సొర పాదుల దగ్గర పండు ఈగ అనుకుని సిర్ఫిడ్‌లను చంపేస్తుంటారు, అది చూస్తే బాధేస్తుంది. పాదుల మీది పండు ఈగకు రెక్కల మీద పొగచూరినట్టు మరకలుంటాయి, ఆడదానికి పొట్ట చివర మొన ఉంటుంది. సిర్ఫిడ్ రెక్కలు తేటగా ఉంటాయి, పైగా అది గాలిలో ఒకేచోట నిలబడగలదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, పొడవాటి మీసాలు. దీనికి రెండే రెక్కలు, మీసాలు పొట్టివి. కళ్లు నడినెత్తిన కలిస్తే మగది, మధ్య ఎడముంటే ఆడది.

ఫొటో తీయాలంటే ఉదయం ఎండ ఇంకా చురుక్కుమనక ముందే వెళ్లండి, ఒళ్లు వేడెక్కితే అవి నిలవవు. మీ నీడ పువ్వు మీద పడకూడదు. మూడు కోణాలు కావాలి: నిటారుగా పైనుంచి పొట్ట, ఎదురుగా ముఖం, పక్కనుంచి ఛాతీ. పక్కనుంచి ఒక్కటే తీసి పంపితే సన్నచార కనిపించదు, అప్పుడు పేరు చెప్పడం కుదరదు.

రంగు మీద వేడి ప్రభావం మీ కళ్లతో చూడాలంటే పేనుబంక పట్టిన చిక్కుడు ఆకులు తిప్పి చూడండి. కాళ్లు లేకుండా, లోపలి పేగు కనిపించేంత పారదర్శకంగా జలగలా పాకేది దీని లార్వా. పేనుబంకే దాని తిండి కాబట్టి ఆ ఆకుల మీద మందు కొట్టకండి. ఆకుకు అంటుకున్న నీటిబొట్టు ఆకారపు ప్యూపాలు దొరికితే ఆకుతో సహా తుంచి, మూతకు బదులు పలుచని గుడ్డ కట్టిన రెండు డబ్బాల్లో పంచండి. ఒకటి ఇంట్లో చల్లటి మూల, ఇంకొకటి వెచ్చటి నీడలో పెట్టండి. నేరుగా ఎండ తగిలితే డబ్బాలోనే చచ్చిపోతాయి. వెచ్చగా ఉన్నవి వారం అటూఇటూగా బయటికొస్తాయి, చల్లటివి ఇంకా ఆలస్యంగా వస్తాయి. ఈగకు బదులు వెనక కాళ్ల మీద తెలుపు, నలుపు, నారింజ పట్టీలున్న సన్నటి కందిరీగ వచ్చిందంటే అది డిప్లజాన్ లేటటోరియస్. ఈ ఈగల మీదే బతికే పరాన్నజీవి అది, ఆ ప్యూపాను లెక్కలోంచి తీసేయండి.