మీరు అడిగారు: భయం ఎప్పుడు పోతుంది?

ప్రశ్న: సైన్యం, పోలీసులు అన్నీ చేతిలో ఉన్న నియంత ఎందుకు కూలిపోతాడు సార్?
— డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతిలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్నకు ఎప్పుడూ రుమేనియా గురించే చెప్పేవాణ్ణి. 1989 డిసెంబరు 21న ఆ దేశ రాజధాని బుఖారెస్ట్‌లో నియంత చౌషెస్కు బాల్కనీలో ప్రసంగిస్తుంటే, చప్పట్ల కోసం తోలుకొచ్చిన జనంలోంచే కేకలు లేచాయి. చెయ్యెత్తి బిక్కమొహం వేశాడు. ఆ మొహం టీవీలో దేశమంతా చూసింది. అప్పటిదాకా ఎవరికివాళ్లు ‘కోపం నాకొక్కడికే’ అనుకుని నోరు మూసుకున్నారు. పక్కవాడికీ అదే మంట ఉందని అప్పుడు తెలిసింది. మర్నాడే సైన్యం జనంవైపు తిరిగింది, ఆయన హెలికాప్టర్‌లో పారిపోయాడు. 24 ఏళ్ల పాలన! అంతకు కొద్దిరోజుల ముందు అదే దేశంలోని తిమిశోవారా అనే ఊరి వీధుల్లో తూటాలకు ఎదురు నిలిచినవాళ్లను మాత్రం మరిచిపోవద్దు తల్లీ. ఆ ఊరి పేరెత్తితే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.