కరెంటు వనరులను పోల్చే బార్ చార్టులో సోలార్ సామర్థ్యం (అందిన శక్తిలో కరెంటుగా మారే వాటా) 20 శాతమే అయితే, 90 శాతం ఉన్న జలవిద్యుత్ ముందు అది దండగేనా?

కాదు. ఆ బార్ చార్టు అబద్ధం చెప్పదు గానీ తప్పుదోవ పట్టిస్తుంది. అందులో గాలిమర 40 శాతం దగ్గరే ఆగుతుంది. గాలిలోని శక్తిలో ఏ గాలిమరైనా పట్టగల గరిష్ఠ వాటా, అంటే బెట్జ్ పరిమితి, 59.3 శాతం; దాన్ని దాటడం ఎవరి తరమూ కాదు. కానీ ఎండకు మనం బిల్లు కట్టం కదా! సోలార్ పలక వదిలేసే 80 శాతానికి మనకయ్యే ఖర్చల్లా కాస్త ఎక్కువ డాబా జాగా.

నేనైతే ఒక కిలోవాట్‌కు ఏడాదికెన్ని యూనిట్లో గీస్తాను. ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8,760. డాబా సోలార్ సుమారు 1,400 ఇస్తుంది. నెలలవారీగా గీస్తే ఇంకా మేలు. మా కోరాపుట్ జిల్లా జయపురంలో జూలై ముసురు పట్టిందంటే, కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లిచ్చే పలక రెండు ఇవ్వడమే గొప్ప. అదే వాన అటు 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లిచ్చే జలాపుట్ జలాశయాన్ని నింపుతుంది.