ఈ ఏడాది సేవా కార్యక్రమాలు చూడబోయే మా అమ్మాయికి

తల్లీ,

మీ స్కూల్లో కమ్యూనిటీ సర్వీసు ఈ ఏడు నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాన్వెంటు బడుల్లో ఈ పని ఎప్పుడూ కొత్తగా చేరిన టీచరు నెత్తినే పడుతుంది. ఎలా చెయ్యాలని అడిగావట కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందు ఆ డిసెంబరు ట్రిప్పు సంగతి తేల్చు. క్రిస్మస్‌కి వారం ముందు బస్సు నిండా పిల్లల్ని వృద్ధాశ్రమానికి తోలుకెళ్ళడం, రెండు పాటలు పాడించడం, పళ్ళు పంచడం, బ్యానరు పట్టుకుని ఫొటో దిగి వచ్చేయడం. నోట్లో ఒక్క పన్ను లేని ముసలమ్మ చేతిలో ఆపిల్ కాయ పెట్టి వస్తారు. ఆవిడకేమో సూదిలో దారం ఎక్కించిపెట్టేవాళ్ళు కావాలి, ఫోన్లో కొడుకు నంబరు వెతికి కలిపి ఇచ్చేవాళ్ళు కావాలి. ఆ సంగతి అడిగితేనే తెలుస్తుంది. అందుకే మొదటిసారి చేతులూపుకుంటూ వెళ్ళండి. కూర్చుని కబుర్లు చెప్పి, చెప్పించుకుని రండి.

ఇది నా సొంత తెలివేం కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే 20 ఏళ్ళ కాలేజీ కుర్రాడు తోటి విద్యార్థులతో కలిసి పేదలకు ఏదైనా చేద్దామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో సిస్టర్ రొజాలీ రాందు అనే కన్యస్త్రీని అడిగారు. తనకు తెలిసిన పేదల ఇళ్ళకే ఆవిడ వాళ్ళను పంపింది. సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ పుట్టింది అలాగే. మీ విచారణలో, అంటే మీ చర్చి పరిధిలో, ఆ సొసైటీ ఉంటే ముందు వాళ్ళను కలువు. ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో, ఎవరికి ఏమిస్తే నామోషీగా అనుకుంటారో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

ఒకే చోటు ఎంచుకుని ఏడాదంతా అక్కడికే వెళ్ళండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలైతే బాగుంటుంది. పదో తరగతి వాళ్ళకు బడి ఆవరణలోనే ఏదైనా పని చూపించు, బయటికి తీసుకెళ్తే తల్లిదండ్రులు ఊరుకోరు. ఒక టీచరు వెంట పన్నెండు మంది దాటితే ఊరేగింపులా ఉంటుంది. ఒక జాగ్రత్త: షుగరున్న ముసలివాళ్ళ గోళ్ళు పిల్లల చేత కత్తిరించనివ్వకు. చిన్న గాటు పడినా పుండవుతుంది. అది నర్సు చూసుకోవాల్సిన పని.

ఇక చదువుతో ముడిపెట్టే సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు కదా. ఒంటరిగా ఉండే అవ్వ ఎవరైనా ఒప్పుకుంటే, ఆ డబ్బు నెలంతా ఎలా ఖర్చవుతుందో ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి రాయించు. పాలు, గ్యాసు బండ, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు, మనవడు వస్తే చిప్స్ ప్యాకెట్టు. ఎంత కూడినా లెక్క కుదరదు. మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు కదా, ఈవిడ ఎందుకు కొంటోంది? ఆసుపత్రికి ఆటో ఎంత? లైన్లో నిలబడే ఓపిక ఉందా? ఈ ప్రశ్నలు పిల్లలే వేస్తారు. అప్పుడు లెక్కల టీచర్నీ సోషల్ టీచర్నీ ఇందులోకి లాగు. సర్వీస్ లెర్నింగ్ అని వర్క్‌షాపుల్లో స్లైడ్లేసి రోజంతా చెప్పేది ఇంతే.

తిరిగొచ్చాక అరగంటైనా కూర్చోబెట్టి మాట్లాడించు. 'చాలా జాలేసింది' అని రాసిన డైరీలు నేను వెనక్కిచ్చేదాన్ని. ఏం చూశావు, ఏం విన్నావు, నువ్వనుకున్నదానికి ఎక్కడ తేడా వచ్చింది, అవి రాసుకురమ్మనేదాన్ని. మీది ఐసీఎస్‌ఈ బడి కాబట్టి ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని), కమ్యూనిటీ సర్వీసులో పాసు గ్రేడు లేనిదే పాస్ సర్టిఫికెట్ రాదు. దాంతో పిల్లలు సంతకాల కోసం వెంటపడతారు. గంటల లెక్క చూసి సంతకం పెట్టకు, డైరీ చదివి పెట్టు.

అనాథ పిల్లల హోముకి వెళ్తే ఫోన్లు బడిలోనే వదిలేసి వెళ్ళండి. అలాంటి పిల్లల ఫొటోలు ప్రచురించకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం, 74వ సెక్షన్ చెబుతోంది. స్కూలు ఫేస్‌బుక్ పేజీ కోసం ఎవరెంత అడిగినా ఒప్పుకోకు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని పూజలో చదివేది మనమే కదా.

మన క్లాసులోనే ఫీజు రాయితీ మీద చదివేవాళ్ళుంటారని మరిచిపోకు. ఈస్టరుకు ముందు వచ్చే తపఃకాలంలో 'తలా కిలో బియ్యం తెండి' అని పేర్లు రాసుకుంటూ వసూలు చేస్తే వాళ్ళ ముఖాలు ఎక్కడ పెట్టుకుంటారు? ఒక మూలన డ్రమ్ము పెట్టించు. ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో ఎవరికీ కనపడకూడదు. అలాగే ఆలస్యంగా వచ్చినవాడికి శిక్షగా గ్రౌండు ఊడిపించి, అదే పనిని శనివారం సేవ అంటే పిల్లలు నవ్వుకుంటారు. ఆ అలవాటు మీ బడిలో ఉంటే ముందు పీటీ మాస్టారితో మాట్లాడి మాన్పించు.

మన బళ్ళలో ఎక్కువమంది పిల్లలు క్యాథలిక్కులు కారు. ఆకలిగొన్నవాడికి పెట్టింది నాకు పెట్టినట్టే అన్న ప్రభువు మాట అందరికీ చెప్పు, అది ఎవరికైనా ఎక్కుతుంది. వెళ్ళిన ఇంట్లో మాత్రం ప్రార్థన కార్డులూ పతకాలూ పంచొద్దు. ఒక్క తండ్రికి అనుమానం వచ్చిందంటే నీ ఏడాది కష్టమంతా నీళ్ళపాలు.

చివరగా బస్సు. శనివారం ట్రిప్పు డీజిలు ఎవరి ఖాతాలో రాయాలనే గొడవ దగ్గరే సగం కార్యక్రమాలు ఆగిపోతాయి. నడిచి వెళ్ళే దూరంలో ఉన్న పేటను చూసుకో. అప్పుడు ప్రిన్సిపాల్ సిస్టర్ గారిని సంతకం ఒక్కటే అడగొచ్చు.

మీ పెద్దమ్మ