రోజూ అదే పొడుగు కమాండా?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు మాది. లినక్స్‌లో దర్శనం టికెట్లు ప్రింటు తీయడానికి ఒక సెట్టింగ్, స్టూడెంట్ల రికార్డులకు ఇంకోటి, ప్రతిసారీ కమాండ్ మొత్తం కొట్టలేక చస్తున్నా. ఎక్కడైనా దాచుకోవచ్చా?

జవాబు: భేషుగ్గా. లినక్స్‌లో ప్రింటింగ్ పనులు చూసుకునే కప్స్‌లో ఎల్‌పీఆప్షన్స్ అనే కమాండ్ ఉంది కదా, దాంట్లో ప్రింటర్ పేరు పక్కన ఏటవాలు గీత పెట్టి 'టికెట్', 'రికార్డు' అని మీకు నచ్చిన పేర్లిచ్చి, ఏ4, రెండువైపులా లాంటివి ఒక్కసారి చెప్పేస్తే, తర్వాత ప్రింటు ఇచ్చేటప్పుడు 'ప్రింటర్/రికార్డు' అంటే చాలు. ఇవన్నీ మీ హోమ్ ఫోల్డర్లో, చుక్కతో మొదలయ్యే కప్స్ ఫోల్డర్లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటాయి, ఒక కాపీ తీసిపెట్టుకోండి. షాపులో కుర్రాడు వేరే లాగిన్‌తో కూర్చుంటే మాత్రం అతనికి కనబడవు. అందరికీ కావాలంటే రూట్‌గా, అంటే సిస్టమ్ మొత్తానికి పెద్ద లాగిన్‌తో, చేయండి, అప్పుడా ఫైలు సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్లోని కప్స్ ఫోల్డర్లోకి పోతుంది.