కాన్పుకి పుట్టింటికి పోతున్నా, బెడ్‌సైడ్ క్రిబ్ ఎట్లాంటిది కొనాలి?

అమ్మా, మీరు రాసింది ఇదీ: మీ ఇల్లు కావలిలో, సెప్టెంబరులో కాన్పు, సింగరాయకొండలో పుట్టింట్లో ఐదో నెల దాకా ఉంటారు, సిజేరియన్ కావచ్చని డాక్టరమ్మ చెప్పారు. మీరు చూసిన బెడ్‌సైడ్ క్రిబ్ (పెద్దల మంచానికి ఆనించి బిగించి, ఆ వైపు పక్క దించి వాడే పసిబిడ్డ తొట్టి) కావలి ఇంట్లో మంచానికి సరిగ్గా సరిపోతుంది, కొనేయొచ్చా అని.

ఇప్పుడే కొనకండి. ముందు టేపు తీసుకుని సింగరాయకొండ మంచాన్ని కొలవండి. బెడ్‌సైడ్ క్రిబ్ పనికొచ్చే కాలమంతా మీరు అక్కడే ఉంటారు. డబ్బా మీద 9 కిలోల వరకు అని రాసి ఉంటుంది గానీ, మన బిడ్డలు ఐదో నెలకి చాలావరకు ఆరేడు కిలోలే ఉంటారు. చూడాల్సింది బరువు కాదు, కదలిక. బిడ్డ బోర్లా పడి చేతులు ఆనించి లేవడం మొదలుపెట్టిందంటే పక్క దించిన క్రిబ్ పని అయిపోయినట్టే. అది నాలుగో నెలకి రావచ్చు, ఆరో నెలకి రావచ్చు. మీరు కావలి చేరేసరికి కావాల్సింది నాలుగు వైపులా ఎత్తైన కటకటాలున్న మామూలు తొట్టి.

మంచం ఎత్తు కొలిచేటప్పుడు చెక్క దాకా కాదు, పరుపు పైభాగం దాకా కొలవాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మీరు అంచున పడుకున్నాక ఇంకోసారి. కాయిర్ పరుపైతే తేడా పెద్దగా రాదు. పాత బూరుగు దూది పరుపైతే మనిషి పడుకోగానే బాగా దిగిపోతుంది, ఆ దిగిన ఎత్తే మీకు లెక్క. క్రిబ్ పరుపు దానికి సమానంగా గానీ, ఒక పిసరు కిందకి గానీ ఉండాలి. పైకి ఉంటే బిడ్డ పెద్ద పరుపు మీదికి, మీ దిండు పక్కకి జారుతుంది. కొనే పేజీలో ఇచ్చే ఎత్తు కొన్నిసార్లు పై కమ్మీదాకా ఉంటుంది, లోపలి పరుపుది కాదు. ఆ రెండో కొలత అడిగి తెలుసుకోకుండా డబ్బు కట్టొద్దు.

మన మంచాలతో అసలు చిక్కు ఇంకోటి ఉంది. పాత టేకు మంచాల్లో చాలావాటికి పరుపు చట్రం లోపల దిగి కూర్చుంటుంది, పక్క చెక్క పైకి లేచి ఉంటుంది. క్రిబ్‌ని ఎంత ఆనించినా రెండు పరుపుల మధ్య ఆ చెక్క మందం మిగిలే ఉంటుంది. అట్లాంటి మంచానికి పక్క దించి వాడొద్దు. నవారు మంచం, నులక మంచం సంగతి చెప్పక్కర్లేదు, నడుమ సాగి అంచు కర్ర పైకి నిలబడుతుంది. ఇక ఈమధ్య అందరిళ్ళలో ఉండే బాక్సు మంచం. దాని అడుగు నేలకి ఆనుకుని ఉంటుంది, క్రిబ్ పాదాలు మంచం కిందకి దూరే రకమైతే అక్కడే ఆగిపోతుంది. మంచం అడుగున ఎన్ని అంగుళాల ఖాళీ ఉందో అదీ రాసుకోండి. ఖాళీ లేకపోతే పాదాలు ముడుచుకునే మోడలు గానీ, పాదాలు బయటివైపే ఉండే మోడలు గానీ చూడాలి.

బిగించే పట్టీల విషయంలో పొరపాటు ఎక్కువ జరుగుతుంది. చాలామంది పట్టీని తమ వైపు పరుపుకి చుట్టి ఊరుకుంటారు. రాత్రి మీరు ఒత్తిగిల్లితే పరుపు జరుగుతుంది, దానితో క్రిబ్ కూడా జరుగుతుంది. రెండు పట్టీలూ పరుపు కింద నుంచి ఆవలి వైపుకి పోయి, అక్కడి చట్రానికో మంచం కోడుకో చుట్టి బకిల్‌లో బిగియాలి. కంపెనీ ఇచ్చిన పట్టీ ఆరడుగుల వెడల్పు మంచానికి చాలకపోతే వాళ్ళనే పొడవు పట్టీ అడగండి, చీర అంచుతో కట్టే ఆలోచన వద్దు. బిగించాక మంచం మీద కూర్చుని క్రిబ్‌ని మోకాలితో గట్టిగా నెట్టండి. రెండు పరుపుల మధ్య వేలు దూరితే అది బిగియనట్టే. గచ్చు తుడవడానికి జరిపిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ చెయ్యాలి. చక్రాలుంటే అన్నిటికీ తాళం పడాలి. నాపరాళ్ళ గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ఒక కాలు గాల్లో లేస్తుంది, దాని కింద రబ్బరు బుష్ వెయ్యండి, మడిచిన అట్టముక్క నిలవదు.

ఖాళీ మిగిలితే చుట్టిన తువ్వాలు కూరడం, దిండు దూర్చడం ఎప్పుడూ చెయ్యొద్దు. నెలల బిడ్డ ముఖం ఆ సందులో ఇరుక్కుంటే తిప్పుకునే బలం ఉండదు, మెత్తటి గుడ్డ ముక్కుకి అడ్డం పడితే ఏడుపు కూడా వినిపించదు. పెద్దవాళ్ళు బిడ్డ పడకూడదనే ప్రేమతోనే అట్లా చేస్తారు, కాబట్టి కారణం నిదానంగా ముందే చెప్పి ఉంచండి.

సిజేరియన్ అయితే క్రిబ్ ఎటువైపు పెడతారన్నది ముఖ్యం. కుట్లు మానేదాకా పక్కకి తిరిగి, మోచేతి మీద ఆని, కాళ్ళు కిందకి జార్చి లేవాలి. మామూలుగా మంచం పొడవు ఆరున్నర అడుగులు, అంటే 198 సెంటీమీటర్లు. అందులో క్రిబ్ పొడవు ఒక 95 పోతే కాళ్ళ వైపు మీటరుకి కాస్త పైనే మిగులుతుంది, దిగడానికి అది చాలు, అక్కడ స్టూలూ బకెట్టూ పెట్టకపోతే. క్రిబ్‌ని తలవైపుకి జరిపి, మీ భుజానికి ఎదురుగా బిడ్డ ఉండేట్టు పెట్టండి. పక్క దించే గొళ్ళెం ఒంటిచేత్తో తియ్యగలరా అన్నది కొట్లో చేసి చూడండి. రెండు చేతులూ కావాల్సిన రకం బాలింతకి నరకం.

లోపలి పరుపు గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. అరచేత్తో నొక్కి తియ్యగానే గుంట మాయం కావాలి. పరుపుకీ పక్కలకీ మధ్య రెండు వేళ్ళకన్నా సందు ఉండకూడదు. తలవైపు ఎత్తే సౌకర్యం ఉందని గొప్పగా చెప్తారు, దాన్ని నిద్రకి వాడొద్దు. అమెరికాలో 10 డిగ్రీలకన్నా వాలుండే శిశువుల పడకల్ని 2022లో చట్టం చేసి నిషేధించారు. వాలులో బిడ్డ గడ్డం గుండె మీదికి వంగి ఊపిరి దారి నొక్కుకుంటుంది. చీర ఉయ్యాలలోనూ ఇదే భయం, ఎదురుగా కూర్చుని ఊపేటప్పుడు సరే, రాత్రంతా మాత్రం వద్దు.

మీకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఉతికిన గుడ్డ రెండు రోజులైనా ఆరదు, తడి పట్టిన స్పాంజి బూజు వాసన కొడుతుంది. క్రిబ్‌తో వచ్చేది ఒకే కవరు, అదే కొలతకి నాలుగు మూలలా సాగే దుప్పట్లు ఇంకో నాలుగు కుట్టించుకోండి. ఉచ్చ దిగకుండా పల్చటి వాటర్‌ప్రూఫ్ షీటు దుప్పటి కింద బిగుతుగా వెయ్యొచ్చు. సముద్రం దగ్గర కాబట్టి ఇనుప గొట్టాల క్రిబ్ తీసుకుంటే కీళ్ళ దగ్గర, స్క్రూల దగ్గర తుప్పు చూస్తుండాలి. గాలి ఆడేందుకు కనీసం రెండు పక్కలు జాలీ ఉండాలి. దోమతెర దానితోపాటు బిగుసుకుని వచ్చేదైతే మంచిది. పై నుంచి వదులుగా కప్పే తెర బిడ్డ చేతికి అందుతుంది.

క్రిబ్‌లో బిడ్డ, బిగుతు దుప్పటి, అంతే. వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు తెస్తారు, అదీ వద్దు. మెలకువలో రోజూ కాసేపు బోర్లా వెయ్యడం, తలాపి దిక్కు రోజు మార్చి రోజు మార్చడం చేస్తే తల ఒకవైపే నొక్కుకోదు. దిష్టికి ఇనుప ముక్క ఉండాలంటే మంచం కింద పెట్టుకోండి. మెడలో తాడు, పూసలు రాత్రి తీసెయ్యండి, మొలతాడు ఉన్నా ఫరవాలేదు.

వడ్రంగితో చేయిస్తే తక్కువలో వస్తుందా అన్నారు. కావలికి కావాల్సిన పెద్ద తొట్టి చేయించండి, బాగుంటుంది: కటకటాల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు, మేకులు కాక బోల్టులూ నట్లూ వాడాలి, రంగు వేస్తే సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) లోపు అని డబ్బా మీద ఉన్నదే వెయ్యాలి. పక్క దించే క్రిబ్ మాత్రం చేయించొద్దు. ఎత్తు మెట్లు, గొళ్ళెం, పట్టీల బిగింపు ఇవన్నీ పరీక్ష చేసి తయారుచేసినవే కావాలి. డబ్బా మీద యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1130 గానీ, అమెరికాది ఏఎస్‌టీఎం ఎఫ్ 2906 గానీ ఉందేమో చూడండి.

సెకండ్ హ్యాండ్ దొరికితే పట్టీలు రెండూ, స్క్రూలన్నీ, వాడే విధానం పుస్తకం, అసలు పరుపు ఉంటేనే తీసుకోండి. పరుపు మార్చేసి ఉంటే ఎత్తూ సందులూ లెక్క తప్పుతాయి. తొమ్మిదో నెల రాకముందే తెప్పించి సింగరాయకొండలో బిగించి చూడండి, సరిపోకపోతే తిరిగి పంపడానికి గడువు ఉంటుంది. మంచం కొలతలు మూడూ (ఖాళీగా ఉన్నప్పటి ఎత్తు, మీరు పడుకున్నాక ఎత్తు, అడుగున ఖాళీ), పరుపు రకం ఇక్కడ రాస్తే మీరు చూసిన మోడలు ఆనుతుందో లేదో చెప్తాను.